యాభై దాటాక డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్: పోర్టల్ కన్నా ముందు కంటి డాక్టరు

పర్సులోంచి లైసెన్సు కార్డు తీసి గడువు తేదీ చూడండి. కొందరి కార్డు మీద రెండు తేదీలుంటాయి. సొంత కారుకీ స్కూటరుకీ వర్తించేది నాన్ ట్రాన్స్‌పోర్ట్ తేదీ. ఒకప్పుడు ఆటో, టాక్సీ, లారీ నడిపే అనుమతి కూడా తీసుకుని ఉంటే ట్రాన్స్‌పోర్ట్ తేదీ విడిగా ఉంటుంది. ఆ రెండోది దాటిపోయిందని మొత్తం లైసెన్సే పోయిందనుకుని కంగారుపడేవాళ్లున్నారు. ఒకదాన్నే చూసుకుని నిశ్చింతగా తిరిగేవాళ్లూ ఉన్నారు.

రెన్యువల్ అనగానే ఇంట్లో అందరి చూపూ వెబ్‌సైటు మీదికే పోతుంది. అబ్బాయో మనవరాలో ఫోన్ పట్టుకుని కూర్చుంటారు, ఫీజు కట్టేస్తారు, స్లాట్ తీసేస్తారు. డాక్టరు సర్టిఫికెట్ సంగతి ఆఖరి రోజున, ఆఫీసు గేటు దగ్గర గుర్తొస్తుంది. ఈ వరసను తిరగేయమనే నేను చెప్పేది. యాభై, అరవై దాటినవాళ్లకు ఈ మొత్తం పనిలో నిజంగా ముఖ్యమైనది డాక్టరు దగ్గర గడిపే ఆ అరగంటే. మిగతాదంతా కాగితాల పని.

ఎన్నేళ్లకు ఇస్తారు

మోటారు వాహనాల చట్టం 1988లోది. 2019 సవరణతో లైసెన్సు కాలపరిమితి లెక్కలు మారాయి. అంతకుముందు ఇరవై ఏళ్లకు గానీ, యాభై ఏళ్ల వయసు వచ్చేదాకా గానీ, ఏది ముందైతే అంతవరకు ఇచ్చేవారు. మీ పాత కార్డు సరిగ్గా యాభయ్యో పుట్టినరోజు దగ్గర ఆగిపోయి ఉంటే కారణం ఇదే.

ఇప్పటి లెక్క రెన్యువల్ నాటి మీ వయసును బట్టి నడుస్తుంది. ముప్ఫై నిండి యాభై నిండనివారికి పదేళ్లు. యాభై నిండి యాభై అయిదు నిండనివారికి అరవయ్యో ఏడు వచ్చేదాకా. యాభై అయిదు నిండితే ప్రతిసారీ అయిదేళ్లు. పైన గరిష్ఠ వయసంటూ చట్టంలో లేదు. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి కూడా, ఒంట్లో సత్తువ ఉండి డాక్టరు సరేనంటే, మరో అయిదేళ్లకు లైసెన్సు తీసుకోవచ్చు.

ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు మాత్రం వయసుతో పనిలేకుండా అయిదేళ్లే. ప్రమాదకర సరుకు రవాణా చేసే బండ్లకు మూడేళ్లు, దానితో పాటు ఒకరోజు శిక్షణ.

ఎప్పుడు మొదలుపెట్టాలి

గడువు ముగియడానికి ఏడాది ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు. ఈ వెసులుబాటు పెద్దవాళ్లకు చాలా పనికొస్తుంది. శుక్లాల ఆపరేషనో మోకాళ్ల ఆపరేషనో మధ్యలో పడినా, అమెరికాలో పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండి రావాల్సి వచ్చినా ముందే ముగించుకోవచ్చు. నా సలహా, రెండు మూడు నెలల ముందు మొదలుపెట్టమని. కంటి పరీక్షలో ఏదైనా బయటపడితే కొత్త అద్దాలకో వైద్యానికో సమయం మిగులుతుంది.

గడువు దాటిపోతే ఏమవుతుందన్న దాంట్లో జనానికి గందరగోళం ఎక్కువ. ముగిసిన ఏడాది లోపు దరఖాస్తు చేస్తే డ్రైవింగ్ పరీక్ష లేకుండానే రెన్యువల్ చేస్తారు, ఆ మాట నిజమే. అంతమాత్రాన ఆ ఏడాది పొడవునా బండి నడపొచ్చని కాదు. 2019కి ముందు గడువు ముగిశాక ముప్ఫై రోజులు చెల్లుబాటు ఉండేది. సవరణలో దాన్ని తీసేశారు. ఇప్పుడు తేదీ దాటిన మర్నాడు బండి తీస్తే లైసెన్సు లేకుండా నడిపినట్టే. చట్టం ప్రకారం దానికి జరిమానా 5,000 రూపాయలు.

జరిమానా కన్నా పెద్ద తలనొప్పి ఇన్సూరెన్సు. గడువు తీరిన లైసెన్సుతో నడుపుతుండగా ఎవరికైనా దెబ్బ తగిలితే, బాధితుడికి ఇన్సూరెన్సు కంపెనీ పరిహారం ఇచ్చి ఆ డబ్బు బండి యజమాని దగ్గర రాబట్టుకోమని కోర్టులు చెప్పిన కేసులు ఎన్నో ఉన్నాయి. ఉద్యోగమంతా దాచుకున్న పింఛను డబ్బు దానికి పోకూడదు కదా.

ఏడాది కూడా దాటిపోతే మళ్లీ డ్రైవింగ్ పరీక్ష ట్రాక్ ఎక్కాల్సిందే. ద్విచక్ర వాహనానికి ఎనిమిది వేయాలి, కారుకు హెచ్. నలభై ఏళ్లు రోడ్ల మీద తిరిగిన చేతులైనా ఇరుకైన ట్రాక్‌లో రివర్స్ తీసేటప్పుడు తడబడతాయి, అందుకే దానికి ముందు ఖాళీ మైదానంలో కాస్త సాధన చేసి వెళ్లండి. ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు) నుంచి మొదలుపెట్టమనే ఆఫీసులూ ఉన్నాయి కాబట్టి మీ ఆఫీసులో ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

డాక్టరు దగ్గర

నలభై నిండిన ప్రతి ఒక్కరూ రెన్యువల్‌కు డాక్టరు సర్టిఫికెట్ పెట్టాలి. దానిపేరు ఫారం 1ఏ. దానికి తోడు మీరే సంతకం పెట్టే ఫారం 1 ఒకటుంటుంది. అది మీ ఆరోగ్యం గురించి మీరిచ్చే హామీ.

ఫారం 1ఏలో డాక్టరు చెప్పాల్సినవి కొన్నే. చూపులో లోపముందా, ఉంటే కళ్లజోడుతో సరిపోతోందా. ఎరుపు, ఆకుపచ్చ గుర్తుపడుతున్నారా. మంచి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు పోల్చుకోగలరా. హారన్లు వినబడనంత చెవుడుందా. రేచీకటి ఉందా. డ్రైవింగుకు అడ్డొచ్చే అవయవ లోపమేదైనా ఉందా. ఒంటి మీద పుట్టుమచ్చలు, ఫొటో, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు, ముద్ర ఉండాలి. ఫారం 1లో వీటితో పాటు మూర్ఛ గురించీ, ఉన్నట్టుండి కళ్లు తిరిగి పడిపోవడం గురించీ అడుగుతారు.

కళ్లజోడు పెట్టుకుని చూసినా ఫరవాలేదు. చెవి మిషన్ పెట్టుకుని వినబడినా సరే. స్వల్ప, మధ్యస్థ వర్ణాంధత్వం ఉన్నవారికి కూడా లైసెన్సు ఇచ్చేలా 2020లో ఈ ఫారాలను సవరించారు. కనీసం అయిదేళ్లు లైసెన్సు ఉన్న తర్వాత ఒక కంటి చూపు పోయినవారికి, సొంత కారు వరకు, స్టీరింగు వైపు బయటి అద్దం ఉంటే అవకాశమిచ్చే వాక్యం కూడా ఫారంలో ఉంది. కాబట్టి లోపం చెబితే లైసెన్సు పోతుందేమోనన్న భయంతో దాచాల్సిన పనిలేదు.

ఈ సర్టిఫికెట్ ఎక్కడ తీసుకోవాలి? ఆర్టీవో ఆఫీసుల చుట్టుపక్కల మనిషిని చూడకుండానే ముద్ర వేసి ఇచ్చే చోట్లుంటాయని అందరికీ తెలిసిందే. అక్కడ మీకు దొరికేది కాగితం, పరీక్ష కాదు. ఊళ్లో ఆర్‌ఎంపీగా పిలిచే డాక్టరు సంతకం దీనికి చెల్లదు. మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టరైన ఎంబీబీఎస్ డాక్టరు కావాలి. ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరైతే ఆఫీసులో ప్రశ్నలు తక్కువ. కొన్ని రాష్ట్రాల్లో డాక్టరే నేరుగా పోర్టల్‌లో సర్టిఫికెట్ ఎక్కించే పద్ధతి వచ్చింది కాబట్టి, ముందు మీ దరఖాస్తులో ఏం అడుగుతున్నారో చూసి ఫారం ముద్రించుకోండి.

ఆ ఫారానికి ముందు కంటి డాక్టరును కలవండి. హైదరాబాద్‌లోనైతే మెహిదీపట్నం సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. ఎల్వీ ప్రసాద్ సంస్థ ఉంది. మీ ఊళ్లో ఎవరున్నా సరే. ఎందుకంటే ఫారం అడిగేది ఎదురుగా ఉన్నదాన్ని చూసే చూపు గురించే. పక్కచూపు గురించి అందులో ప్రశ్నే లేదు. నీటికాసులు (గ్లాకోమా) వచ్చినవారికి చాలాకాలం నంబరు ప్లేటు స్పష్టంగానే కనిపిస్తుంది. పోయేది అంచుల్లోని చూపు. పక్క సందులోంచి దూసుకొచ్చే బైకు, రోడ్డు దాటడానికి అడుగేసిన పిల్లవాడు కనిపించరు. మెదడు ఆ ఖాళీని పూరించేస్తుంది కాబట్టి లోపం ఉన్నట్టు మనిషికి తెలియదు. పక్కన ఏ స్కూటరైనా ‘ఎక్కణ్ణుంచి ఊడిపడిందో’ అని ఈమధ్య తరచూ అనిపిస్తోందంటే కంటి పీడనం, పక్కచూపు పరీక్షలు చేయించుకోవాల్సిందే.

శుక్లాలు ఇంకో రకం. పగలు బాగానే ఉంటుంది, రాత్రి ఎదుటి బండి హెడ్‌లైటు పడగానే వెలుగు పువ్వులా విచ్చుకుని రోడ్డంతా తెల్లబడిపోతుంది. ఆపరేషన్ చేయించుకుంటే బాగవుతుంది. చేయించుకున్నాక ఎప్పటి నుంచి నడపొచ్చో డాక్టరు చెప్పాకే స్టీరింగు పట్టండి. షుగరు ఉన్నవారు ఏడాదికోసారి కంటి లోపలి పొరను చూపించుకోవడం లైసెన్సుతో సంబంధం లేకుండానే అవసరం.

ఇంట్లోనే చేసుకోదగ్గ పరీక్ష ఒకటి చెబుతాను. 25 మీటర్లంటే ఆరు కార్లు ఒకదాని వెనక ఒకటి ఆనించి పెడితే వచ్చే దూరం. వీధిలో అంత దూరాన ఆగి ఉన్న కారు నంబరును ఒక్కో కన్ను మూసి చదవండి. తర్వాత కుర్చీలో కూర్చుని భుజాలు కదపకుండా మెడ మాత్రం తిప్పి వెనక గోడ వైపు ఎంతవరకు చూడగలుగుతున్నారో గమనించండి. మెడ అరిగినవాళ్లు రివర్స్ తీసేటప్పుడు అద్దాల మీదే ఆధారపడుతుంటారు, ఆ సంగతి వాళ్లకే తెలిసి ఉండదు.

డాక్టరుకు మీ మందుల చీటీ చూపించండి. జలుబుకు, దురదకు వేసుకునే మాత్రల్లో మత్తు తెచ్చేవి చాలా ఉన్నాయి. నిద్ర మాత్రల మత్తు కొందరికి మర్నాడు పొద్దున దాకా ఉంటుంది. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవారికి భోజనం ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్ల ముందు మసక. అది ఇంట్లో వస్తే చక్కెర నోట్లో వేసుకుంటాం, ఔటర్ రింగ్ రోడ్డు మీద వస్తే ఏం చేస్తాం? కారులో గ్లూకోజు పొడి, బిస్కెట్లు ఉంచుకోవాలి. లక్షణం తెలియగానే బండి పక్కకు ఆపాలి, తేరుకున్నాక కూడా వెంటనే కదలకూడదు.

కాగితాలు సరిచూసుకోవడం

పాత లైసెన్సు, ఆధార్, ఫారం 1, ఫారం 1ఏ, ఫొటో, సంతకం. చిరునామా మారితే కొత్తదానికి రుజువు. జాబితా చిన్నదే. చిక్కంతా వాటి మధ్య పొంతనలో ఉంటుంది.

మన పెద్దవాళ్ల పేర్లతో వచ్చే ఇబ్బంది అందరికీ అనుభవమే. లైసెన్సులో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తిగా. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక. పుట్టిన తేదీ మరీ ఘోరం. బడిలో మాస్టారు వేసిన తేదీ ఒకటి, ఆధార్ తీసినప్పుడు చెప్పింది ఇంకొకటి. పోర్టల్‌లో లైసెన్సు వివరాలు తెరవడానికి పుట్టిన తేదీ కొట్టాలి. అక్కడ లైసెన్సు మీద ఉన్న తేదీనే పని చేస్తుంది, అసలు తేదీ కాదు. తేడా పెద్దదైతే రెన్యువల్‌కు ముందే ఆధార్‌నో లైసెన్సునో సరిచేయించుకోవడం నయం.

రెండో చిక్కు ఫోన్ నంబరు. ఆధార్‌తో ముడిపడిన నంబరుకే ఓటీపీ వస్తుంది. చాలా ఇళ్లలో అది ఎప్పుడో పారేసిన పాత సిమ్ నంబరు, లేదా దూరాన ఉన్న కొడుకు నంబరు. వయసుతో వేలిముద్రలు అరిగిపోయినవారికి ఓటీపీ మరీ ముఖ్యం. ఆధార్ కేంద్రంలో నంబరు మార్పించుకుని, అది నమోదయ్యాకే దరఖాస్తు మొదలుపెట్టండి.

దరఖాస్తు

కేంద్ర రోడ్డు రవాణా శాఖ సారథి పోర్టల్‌లో ఈ పని జరుగుతుంది. పరివాహన్ సైటులో డ్రైవింగ్ లైసెన్సు సేవలు నొక్కి రాష్ట్రం ఎంచుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో పని ఇందులోనే. తెలంగాణ చాలాకాలం రవాణా శాఖ సొంత సైటుతో నడిపి, 2025లో సారథి వైపు మారడం మొదలుపెట్టింది. మీ ఆఫీసు ఏ పద్ధతిలో ఉందో తెలంగాణ రవాణా శాఖ సైటులో చూసుకుని ముందుకెళ్లండి.

సైటు చిరునామా చివర గవ్ డాట్ ఇన్ ఉందా లేదా అన్నది అక్షరం అక్షరం చూడండి. గూగుల్‌లో పైన కనిపించే ప్రకటనల్లో డబ్బు గుంజే నకిలీ సైట్లు ఉంటాయి. వాట్సాప్‌లో ఆర్టీవో పేరుతో వచ్చే ఏపీకే ఫైలును (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) ఎట్టి పరిస్థితుల్లోనూ తెరవకండి. దాన్ని తెరిచినవాళ్ల బ్యాంకు ఖాతాలు ఖాళీ అయిన ఘటనలు పత్రికల్లో చూస్తూనే ఉన్నాం.

లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ కొడితే మీ వివరాలు వస్తాయి. ఫొటో, పేరు, బండి తరగతులు చూసుకుని, రెన్యువల్ సేవ ఎంచుకోవాలి. చిరునామా మార్పు కూడా కావాలంటే అదే దరఖాస్తులో టిక్ పెట్టేస్తే రెండోసారి తిరగక్కర్లేదు. తర్వాత ఫారం 1 ప్రశ్నలు తెరమీద వస్తాయి. ఇది పిల్లలు గబగబా ‘కాదు, కాదు, కాదు’ అని నొక్కేసే పేజీ. ఫోన్ వాళ్ల చేతిలో ఉన్నా హామీ ఇస్తున్నది మీరు. ఒక్కో ప్రశ్న చదివించుకుని మీరే జవాబు చెప్పండి.

కాగితాలు ఎక్కించేటప్పుడు ఫైలు సైజు పరిమితి ఉంటుంది. ఫోన్‌తో తీసిన ఫొటో పెద్దదైతే తీసుకోదు, తగ్గించుకోవాలి. డాక్టరు ముద్ర చదవడానికి వీలుగా పడిందో లేదో చూడండి. దరఖాస్తు వెనక్కి తిప్పిపంపడానికి మసక ముద్ర ఒక్కటి చాలు.

ఫీజు విషయానికొస్తే, కేంద్ర నిబంధనల ప్రకారం రెన్యువల్‌కు 200 రూపాయలు, స్మార్ట్ కార్డుకు మరో 200. వీటి మీద రాష్ట్ర సర్వీసు చార్జీ కలుస్తుంది. బాగా ఆలస్యం చేస్తే ఏడాదికో అందులో భాగానికో 1,000 రూపాయల చొప్పున అదనం. తెర మీద చూపించిన మొత్తానికి మించి ఎవరైనా అడిగితే అది ఏజెంటు కమీషన్ అన్నమాట. కట్టాక రసీదు, దరఖాస్తు నంబరు దాచుకోండి. డబ్బు ఖాతాలోంచి పోయి సైటులో పడకపోతే వెంటనే మళ్లీ కట్టేయకుండా, అదే పోర్టల్‌లో చెల్లింపు స్థితి సరిచూసే చోట నొక్కి చూడండి.

ఆఫీసుకు వెళ్లే రోజు

పరీక్ష అక్కర్లేని రెన్యువల్‌ను ఆధార్ ధ్రువీకరణతో ఇంటి నుంచే ముగించే ఏర్పాటును కేంద్రం 2021లో నోటిఫై చేసింది. మీ దరఖాస్తులో ఆ మార్గం కనిపిస్తే వాడుకోండి. లేకపోతే స్లాట్ తీసుకుని ఆర్టీవో ఆఫీసుకు వెళ్లాలి. పొద్దుటి స్లాట్ ఎంచుకుంటే ఎండా ఉండదు, వరసా తక్కువ. అసలు కాగితాలు, నకళ్లు, వాడే కళ్లజోడు, చెవి మిషన్, టిఫిన్ చేశాక వేసుకోవాల్సిన మాత్రలు వెంట ఉండాలి. అక్కడ ఫొటో, సంతకం, వేలిముద్ర తీసుకుని కాగితాలు సరిచూస్తారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఒకటి రెండు ప్రశ్నలు అడిగితే నిదానంగా జవాబు చెప్పండి. గేటు బయట ‘సార్, పెద్దాయన కదా, నేను చూసుకుంటా’ అని పలకరించేవాళ్లకు నమస్కారం పెట్టి లోపలికి నడవండి.

ఆమోదం పడ్డాక కొత్త గడువు ముందు డిజిలాకర్ యాప్‌లోనో ఎంపరివాహన్ యాప్‌లోనో కనిపిస్తుంది. పోలీసు ఆపినప్పుడు వాటిలో చూపించినా చెల్లుతుంది. కార్డు పోస్టులో ఇంటికొస్తుంది కాబట్టి చిరునామా తప్పుగా ఉంటే వెనక్కిపోతుంది. చేతికి రాగానే తేదీ, పేరు అక్షరాలు, బండి తరగతులు చూసుకోండి.

మామూలు దారిలో పోని కేసులు

చేతిరాత పుస్తకం లైసెన్సులు ఇంకా చాలామంది బీరువాల్లో ఉన్నాయి. వాటి వివరాలు కంప్యూటర్లోకి ఎక్కి ఉండకపోతే పోర్టల్ ‘వివరాలు లేవు’ అంటుంది. లైసెన్సు ఇచ్చిన ఆఫీసుకు పుస్తకం తీసుకెళ్లి బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయమని అడగాలి. జిల్లాలు చీలిపోయి పాత ఆఫీసు పరిధి మారిపోయి ఉంటే రికార్డు ఎక్కడుందో వెతకడానికి సమయం పడుతుంది. వీళ్లు ఏడాది ముందే కదలాలి.

రిటైరై కొడుకు దగ్గర బెంగళూరులోనో పుణేలోనో ఉంటున్నవారు రెన్యువల్ కోసం సొంతూరు రావాల్సిన పనిలేదు. చట్టం ఏ లైసెన్సింగ్ అధికారి అయినా రెన్యువల్ చేయొచ్చంటుంది. ఉంటున్న రాష్ట్రాన్ని ఎంచుకుని అక్కడి చిరునామా రుజువు చూపాలి.

విదేశాల్లో పిల్లల దగ్గరికి వెళ్లి అక్కడ కారు నడపాలనుకుంటే ముందు లైసెన్సు రెన్యువల్, ఆ తర్వాత అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్. పర్మిట్ ఏడాదికే ఇస్తారు. ఆ మధ్యలో లైసెన్సు గడువు తీరిపోకుండా చూసుకోవాలి.

టాక్సీ, లారీ నడపడం మానేసినవాళ్లు ట్రాన్స్‌పోర్ట్ తరగతిని సరెండర్ చేయొచ్చు. సారథిలో దానికి విడిగా సేవ ఉంది. గేర్ల బండి మీద కాలు నిలవనివాళ్లు ద్విచక్ర వాహనం తరగతిని వదిలేసి కారు మాత్రం ఉంచుకోవడమూ అలాగే.

ఇంట్లో పెద్దాయన నడపడం నిజంగా ప్రమాదంగా మారినా ఒప్పుకోకపోతే? తెలిసిన దారి తప్పడం, బ్రేకు బదులు యాక్సిలరేటరు తొక్కడం, బండికి కొత్త గీతలు పడుతుండటం ఇవన్నీ లెక్కలోకి తీసుకోవాలి. తాళాలు దాచేస్తే గొడవే మిగులుతుంది. ఆయన నమ్మే డాక్టరు చేత చెప్పించండి. జబ్బు వల్ల నడపడానికి పనికిరారని తోస్తే మధ్యలోనైనా డాక్టరు సర్టిఫికెట్ అడిగే, లైసెన్సు రద్దు చేసే అధికారం చట్టం 16వ సెక్షన్ లైసెన్సింగ్ అధికారికి ఇచ్చింది. అక్కడిదాకా పోకముందే రాత్రిళ్లు మానేయడం, హైవే మానేయడం, తెలిసిన వీధులకే పరిమితం కావడం లాంటి సర్దుబాట్లు చాలామంది ఒప్పుకుంటారు.

ఇంకొక్క కాగితం. పెద్దవాళ్ల బండ్లు కూడా వయసులో పెద్దవే. సొంత వాహనం ఆర్సీ (రిజిస్ట్రేషన్ కార్డు) పదిహేనేళ్లకు ముగుస్తుంది, ఆపైన అయిదేళ్లకోసారి రెన్యువల్. కారుకైతే 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజే 5,000 రూపాయలు, బండికి ఇరవై ఏళ్లు దాటితే 2025 ఆగస్టు నుంచి 10,000. లైసెన్సు పని మీద ఆఫీసుకు వెళ్తున్నారు కాబట్టి ఆర్సీ తేదీ కూడా చూసుకుని వెళ్లండి.